జరపకూడని సున్నాలు

ధనకోటికి కోపం ముక్కు మీదే ఉంటుందని తిరుత్తణి నుంచి తిరువళ్లూరు దాకా పొద్దుటి కరెంటు రైలెక్కే ఆడవాళ్లందరికీ తెలుసు. ఖాళీ సీటు మీద టిఫిన్ క్యారియర్ పెట్టి "మనిషి వస్తాది" అనేవాళ్లను ఆమె రెండోసారి అడగదు. క్యారియర్ తీసి వాళ్ల ఒళ్లోనే పెట్టి, తను దర్జాగా కూర్చుంటుంది. వచ్చే మనిషి వచ్చినప్పుడు చూసుకుందాం అంటుంది. పదకొండేళ్లలో ఒక్క మనిషీ రాలేదు.

నలభై ఎనిమిదేళ్లు, బక్కపలచటి మనిషి, అందరూ కోటక్క అంటారు. పుట్టింది పళ్లిపట్టు దగ్గర ఒక చిన్న ఊళ్లో. పెళ్లయి తిరుత్తణికి వచ్చింది. చెరకు కొట్టింది, వేరుశనగ పీకింది, ఇల్లు కట్టేచోట ఇసక మోసింది. చివరికి తిరువళ్లూరు అవతల రబ్బరు రింగులు చేసే ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పనికి కుదురుకుంది. లారీల బ్రేకుల్లో నూనె కారకుండా వేసే రింగులు అవి. గాజుల కంటే చిన్నవి, నల్లటివి. అచ్చులోంచి వచ్చిన ప్రతి రింగునీ తనిఖీ చేయడమే ఆమె పని. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టి, రవంత సాగదీసి, ఒక్క చుట్టు తిప్పుతుంది. బాగుంటే పచ్చ ట్రేలోకి, చీలిక ఉంటే ఎర్ర ట్రేలోకి. రెండు క్షణాల పని. వెంట్రుకవాసి చీలికలు కంటికి ఆనవు, వేలికి ఆనుతాయి. పొడవాటి ఆ తనిఖీ బల్ల చుట్టూ పద్నాలుగు మంది ఆడవాళ్లు కూర్చుంటారు. కిటికీ పక్క ముక్కాలిపీట కోటక్కది. దాని మీద ఇంకెవరూ కూర్చోరు, కూర్చుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా.

ఆ పీట మీదికే ముప్పు వచ్చింది. ముందు ఒక కెమెరా మెషీన్ వచ్చింది. అది రింగుల్ని ఫొటో తీసి మంచిచెడ్డలు చెప్పేస్తుందట. ఇక బల్ల దగ్గర అంతమంది ఎందుకన్న ఆలోచన పైవాళ్లకు పుట్టింది. నెల తిరక్కముందే హెడ్డాఫీసు నుంచి హేమనాథ్ అని ఒక కుర్ర ఆఫీసరు ట్యాబ్ పట్టుకుని దిగాడు. ఇస్త్రీ చొక్కా, మెడలో కార్డు, నవ్వొచ్చినా నవ్వకూడదని ఎవరో చెప్పి పంపినట్టుండే మొహం. కాంట్రాక్టరు తరఫు సూపర్వైజరు సెల్వకుమార్ అందరినీ నిలబెట్టి చెప్పాడు. నలభై ఐదు దాటినవాళ్లకు చురుకుదనం పరీక్ష. ట్యాబ్‌లో ఆట ఆడాలి. ఐదాటల్లో రెండు గెలిస్తే బల్ల దగ్గర ఉంటారు. లేకపోతే "ఇష్టపూర్వకంగానే మారుతున్నాను" అని కాగితం మీద సంతకం పెట్టి, యార్డులో ఊడ్చే పనికి వెళ్లాలి. ఇష్టపూర్వకంగానట! ఆ మాట రాసినవాడి చేతికి ఒక్కరోజు చీపురిస్తే తెలిసేది.

ఫ్యాక్టరీలో మాటలన్నీ అరవమే. నేను తెలుగులో చెప్తున్నానంతే.

నలభై ఐదు దాటినవాళ్లు నలుగురు తేలారు. సోమవారం వాళ్లకు పరీక్ష. ముందు కోటక్క కూర్చుంది. ట్యాబ్ మీద తొమ్మిది గళ్లు. మెషీన్‌ది ఇంటూ గుర్తు, మనిషిది సున్నా. మూడు వరసగా వస్తే గెలుపు. అది చూడగానే ఆమెకు నవ్వొచ్చింది. ఓస్, ఇదా! చిన్నప్పుడు శనగచేను గట్టు మీద, సద్దికూడు తిన్నాక, బొగ్గుతో గళ్లు గీసి ఆడిన మూడు రాళ్లాటే కదా! ఒకరికి మూడు గులకరాళ్లు, ఒకరికి మూడు చింతగింజలు. మూడూ పెట్టాక వరస కుదరకపోతే, ఒక్కోసారి ఒక్కో రాయిని పక్కగడిలోకి జరుపుకుంటూ పోవాలి. ఎవరో ఒకరు గెలిచేదాకా ఆగదు. ఆ ఆటలో కోటక్క అవ్వను ఊళ్లో ఎవరూ ఓడించలేదు. అవ్వ పోయాక కోటక్కను ఎవరూ ఓడించలేదు.

మూడు సున్నాలు పెట్టింది. వరస కుదరలేదు. సరేనని వేలితో ఒక సున్నాను పట్టి పక్కగడిలోకి జరిపింది. జరగలేదు. గట్టిగా నొక్కి జరిపింది. ట్యాబ్ కుయ్యిమంది. పైన ఎర్రగా అంకెలు తగ్గుతున్నాయి. మళ్లీ జరిపింది, మళ్లీ కుయ్యిమంది.

సెల్వకుమార్ నవ్వాపుకోలేక, "అక్కా, అది జరగదు. కొత్తది పెట్టు" అన్నాడు.

"కొత్తదా? నాకుండేది మూడు రాళ్లు. నాలుగోది యాడనించి తెచ్చేది, మీ ఇంట్లోనించా?"

టైమైపోయింది. ఐదాటలూ అంతే. సగం ఆటలు సున్నాను లాగడంలో పోయాయి, సగం కంగారులో పోయాయి. ట్యాబ్ ఎర్రటి అక్షరాల్లో తప్పిందని చూపించింది. "సూచనలు అర్థం చేసుకోలేదు" అని హేమనాథ్ ఏదో నొక్కాడు. కావాలంటే శుక్రవారం ఇంకొక్కసారి ఆడొచ్చన్నాడు.

తరవాత కూర్చున్న మంజుకూ అదే గతి. ఇద్దరివీ పక్కపక్క ఊళ్లు. ఆ ఆటలో పెరిగిన ఏ ఆడదైనా మూడు పెట్టాక నాలుగోది పెట్టదు, జరుపుతుంది. ఆ సంగతి ఆఫీసరుకేం తెలుసు? మంజుకు యాభై రెండేళ్లు. కోటక్కకు ఈ పని నేర్పించిందే ఆమె. కళ్లు మూసుకుని రింగు చూడమని, అప్పుడే వేలు మాట్లాడుతుందని చెప్పిందీ ఆమే. అలాంటి మనిషి ఆ ఎర్ర అక్షరాలు చూసి బొమ్మలా అయిపోయింది. తక్కిన ఇద్దరూ ఓడిపోయి, గొణుక్కుంటూ సంతకాలు పెట్టేశారు. మంజు గొణగను కూడా లేదు.

"మే మంజూ, పెట్టొద్దు మే! శుక్రవారం ఇంకోసారి ఉండాదంట కదా" అని కోటక్క ఆమె చెయ్యి పట్టుకుంది.

"వదిలెయ్ కోటీ" అంది మంజు. "నాకు వయసైపోయింది. తలకాయ పనిచెయ్యలా. ఇన్నేండ్లూ చూసిన రింగుల్లో ఎన్ని చీలికలు వదిలేసినానో ఏమో."

కోటక్కకు కడుపు మండిపోయింది. పని పోతే పోయింది, ఏదో ఒకటి చేసుకుని బతకొచ్చు. కానీ ఇరవై ఏళ్లు తన వేళ్లను నమ్ముకున్న మనిషి, ఒక గాజుపలక కుయ్యిమనగానే ఆ వేళ్లనే అనుమానించడమా! ఆ కాగితం మీద తను మాత్రం సంతకం పెట్టకూడదని అప్పుడే గట్టిగా అనుకుంది. మర్నాడు పొద్దున మంజు చీపురు పట్టుకుని యార్డులోకి వెళ్లింది. బల్ల దగ్గర ఆమె పీట ఖాళీగా ఉంది. దాని మీద ఎవరో టిఫిన్ క్యారియర్ పెడితే, కోటక్క తీసి కింద పెట్టింది.

ఇక చూడండి కోటక్క పట్టుదల. కూతురు రంజిత తిరువళ్లూరులో కాలేజీకి వెళ్తుంది. తల్లీకూతుళ్లు ఒకే రైలు. మంగళవారం పొద్దున అరక్కోణం దాటగానే కూతురి ఫోన్ లాక్కుంది.

"ఆ ఆట దీంట్లో ఉండాదా?"

"ఉండాది. ముందు విను మా. ఇది మీ మూడు రాళ్లాట కాదు" అంది రంజిత. "పెట్టింది పెట్టినట్టే ఉండాల, జరపకూడదు. తొమ్మిది గళ్లూ నిండేదాకా కొత్తది పెట్టుకుంటానే పోవాల."

"జరపకూడదా? జరపకుంటే అదేం ఆట?"

"నాకేం తెలుసు? నేనా చేసినాను దాన్ని?"

కోటక్క ఆడింది. తిరువాలంగాడు దాకా ఓడింది. మనవూరు దాటాక ఓడింది. కడంబత్తూరులో ఎక్కినావిడ తొంగిచూసి, "మూలలో పెట్టండక్కా" అంటే, "నీ పని చూసుకో" అని ఓడింది. తరవాతి ఆటలో మూలలోనే పెట్టింది. ఈసారి ఓడలేదు. మెషీన్ నడిమిగడిలో పెడితే తను మూల పట్టాలి. మెషీన్ మూల పడితే తను నడిమిది పట్టాలి. ఇంతకుమించి ఇందులో పెద్ద విద్యేం లేదని బుధవారం సాయంత్రానికి తేలిపోయింది. అప్పటినుంచి ఒక్కటి ఓడలేదు. ఒక్కటి గెలవనూ లేదు. తొమ్మిది గళ్లు నిండిపోవడం, ఆట అక్కడే చచ్చిపోవడం. గురువారం పొద్దున తిరుత్తణి నుంచి తిరువళ్లూరు దాకా ఇరవై ఆరాటలు ఆడితే ఇరవై ఆరూ అంతే.

"ఏం బిడ్డా, నేను యాడ తప్పు చేస్తా ఉండాను?"

"నువ్వు తప్పు చెయ్యలా మా. అదీ చెయ్యదు. ఇద్దరూ తప్పు చెయ్యకుంటే ఇది డ్రానే. చిన్న పిల్లోళ్లకు పెట్టే లెవల్లో అయితే అదే కావాలని తప్పు చేస్తాది, గెలవొచ్చు. పైలెవల్లో పెడితే ఇంగ ఎవురూ గెలవలేరు. మీ సార్లు పైలెవల్లో పెట్టిండారు, అంతే."

కోటక్క ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

"అంటే ఎవురూ గెలవలేని ఆట పెట్టి, గెలవలేదని మంజు చేతికి చీపురిచ్చినారా?"

అమ్మ గొంతు అలా పలచబడితే ఏమవుతుందో రంజితకు తెలుసు. చుట్టూ చూసి, గుసగుసగా చెప్పింది. "మా, గొడవొద్దు. మూలలో పళ్లచక్రం మాదిరి ఒక గుర్తు ఉంటాది. సార్ అట్ట తిరిగినప్పుడు అది నొక్కి కింది లెవల్ పెట్టెయ్. రెండు గెలువు, మళ్లీ మార్చెయ్. ఎవురికీ తెలీదు."

"నాకు తెలుస్తాది కదా."

"నీ సీటు నీకు దక్కుతాది కదా మా!"

"దొంగతనంగా గెలిచి ఆ పీట మీద కూర్చుంటే, మంజు నిజంగానే ఫెయిలైనట్టు. నేను తెలివైనదాన్ని, అది తెలివి తక్కువది. అంతే కదా అర్థం? ఆ గుర్తు జోలికి పోను పో" అంది కోటక్క. ఫోన్ కూతురి చేతిలో పెట్టి దిగిపోయింది.

శుక్రవారం మధ్యాహ్నం, అన్నాలయ్యాక, తనిఖీ బల్ల దగ్గరే పరీక్ష. నాలుగింటికి సరుకు లారీ రావాలి. కెమెరా మెషీన్ పాస్ చేసిన పచ్చ ట్రేలు పన్నెండు ఒకపక్క పేర్చి ఉన్నాయి. హేమనాథ్ ట్యాబ్ బల్ల మీద పెట్టి, పక్కనే సంతకం పెట్టాల్సిన కాగితం కూడా సిద్ధంగా పెట్టాడు. కాగితం ముందే తెచ్చుకున్నాడంటే ఇక పరీక్ష దేనికి? కోటక్క చూసింది. కూర్చుంది. ఆడింది. ఒకటో ఆట డ్రా. రెండు, మూడు, నాలుగు, ఐదు, అన్నీ డ్రా. ఒక్క గడి తప్పు పెట్టలేదు, ఒక్కసారి ట్యాబ్ కుయ్యిమనలేదు. అయినా చివర్న ఎర్ర అక్షరాలే వచ్చాయి. గెలుపు సున్నా. అర్హత లేదు.

"సారీమ్మా" అంటూ హేమనాథ్ కాగితాన్ని ఆమె ముందుకు తోశాడు. అదే క్షణాన అతని ఫోన్ మోగింది. పక్కకు తిరిగి, గొంతు తగ్గించి, "తినినాను మా. సాయంత్రం నేనే చేస్తాను, పెట్టెయ్ మా" అన్నాడు.

తెలుగు! అందులోనూ కోటక్క పుట్టినూరి తెలుగు!

అతను ఇటు తిరిగేసరికి కోటక్క చేతులు కట్టుకుని నవ్వుతోంది. "సారూ, మీది ఏ ఊరు?" అంది, తెలుగులో.

హేమనాథ్ చెవులు ఎర్రబడ్డాయి. ఆఫీసులో ఎవరికీ చెప్పని సంగతి అది. "పళ్లిపట్టు పక్కన" అన్నాడు మెల్లగా.

"మా పక్కోళ్లే అయితే. ఇంగ తెలుగులోనే చెప్తాను, బాగా వినండి. ఈ ఆట మీరు ఎప్పుడన్నా ఆడినారా?"

"నేనెందుకు ఆడేది?"

"ఇప్పుడు ఆడండి. ఐదాటలు. రెండు గెలవండి. గెలిస్తే అడక్కుండానే సంతకం పెట్టేస్తా."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు దగ్గరికి జరిగారు. కాదంటే అందరి ముందూ చులకన. సరేనని హేమనాథ్ కూర్చున్నాడు. ఒకటో ఆట డ్రా అయింది. ఇదేమంత కష్టమనుకున్నాడో ఏమో, రెండోది చకచకా పెట్టేశాడు. మెషీన్ మూడు ఇంటూలు వరసగా పేర్చింది. మూడోది డ్రా. నాలుగోదానికి నుదుటి మీద చెమట పట్టింది, అదీ డ్రా. ఐదోది ఓడిపోయాడు. ట్యాబ్‌కేం తెలుసు పాపం, ఆఫీసరని చూడలేదు. అర్హత లేదని ఎర్రగా చూపించేసింది.

"అయ్యయ్యో, సార్ కూడా యార్డుకేనా!" అని వెనకనుంచి ఎవరో అన్నారు. బల్లంతా ఘొల్లుమంది. సెల్వకుమార్ అటు తిరిగి దగ్గాడు.

"నేను రింగులు చూసే పని చెయ్యనుగా" అన్నాడు హేమనాథ్, మొహం మాడ్చుకుని.

"మాకు వేళ్లుంటే చాలు సారూ. తలకాయతో పని మీది. మరి చురుకు ఎవురికి కావాల?" అంది కోటక్క. "నాకు కూతురు చెప్పింది. దీన్ని ఎవురూ గెలవలేరంట. చదువుకున్నోళ్లు, మీకు తెలీదా ఇది?"

నిజంగానే హేమనాథ్‌కు తెలియదు. హెడ్డాఫీసులో ఎవరో ఏ లెవల్లోనో పెట్టి ఇచ్చారు, ఇతను మోసుకొచ్చాడు. కానీ తెలియదని ఒప్పుకుంటే పోయే పరువేదో ఉంటుంది కదా, దాన్ని పట్టుకుని వేలాడాడు. "ఇది రూల్. నేను మార్చలేను" అన్నాడు.

"మార్చొద్దు. ఆట మార్చండి." కోటక్క బల్ల మీదున్న సుద్దముక్క తీసుకుని చెక్క మీదే గళ్లు గీసింది. "మూడు రాళ్లాట. మీ ఊళ్లోనూ ఆడుంటారు. దీంట్లో డ్రా లేదు. ఎవురో ఒకరు ఓడే తీరాల. నేను ఓడితే ఇప్పుడే సంతకం. ఒకే ఒక్క ఆట."

ఆడవాళ్లు ఉలిక్కిపడ్డారు. "వద్దక్కా, గమ్మునుండు" అని ఒకరు కొంగు పట్టుకు లాగారు. నిజం చెప్పాలంటే కోటక్కకూ భయమే. ఎన్నేళ్లయింది ఆడి! కానీ వెనక్కి తగ్గే మనిషి కాదు.

హేమనాథ్ ఆ సుద్దగళ్ల వైపు చూశాడు. అతని మొహంలో ఏదో మారింది. "మా అవ్వ ఆడేది" అన్నాడు. కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ముందు ఆడేవాళ్లు మొదటి రాయి నడిమిగడిలో పెట్టకూడదు కదా?"

"కూడదు. ఆట తెలిసినోళ్లే మీరు" అని నవ్వింది కోటక్క.

తనకు మూడు సుద్దముక్కలు విరుచుకుంది. అతనికివ్వడానికి పక్కనున్న పచ్చ ట్రేలోంచి రింగులు తీసింది. అతనితో మాట్లాడుతూనే ఒకటి తీసి ముందు పెట్టింది, రెండోది పెట్టింది. మూడోది తీసి, చూడకుండానే కింద పడేసి, ఇంకోటి తీసి పెట్టింది.

ఆట మొదలైంది. తక్కిన పదిమంది ఆడవాళ్లూ చుట్టూ వంగి చూస్తున్నారు. హేమనాథ్ మూల పట్టాడు, ఆమె నడిమిది పట్టింది. రాళ్లన్నీ పెట్టడం అయింది, జరపడం మొదలైంది. కుర్రాడు తక్కువవాడేం కాదు, రెండుసార్లు దారి మూసేశాడు. మూడోసారి తన వరస కుదురుతోందన్న ఆశతో మూలనున్న రింగును పక్కకు జరిపాడు. ఆ మూల ఖాళీ అయింది. కోటక్క సుద్దముక్కను వేలితో మెల్లగా అందులోకి తోసింది. మూడు సుద్దముక్కలు ఏటవాలుగా ఒక్క వరస.

"ఇది జరిగింది సారూ" అంది కోటక్క.

బల్ల మళ్లీ ఘొల్లుమంది. ఒకామె ఈల వేసింది. హేమనాథ్‌కు కూడా నవ్వు రాబోయి ఆగింది. ఏదో ఒకటి అనాలి కదా, అందుకని అడిగాడు. "అది సరే, నాకు మంచి రాయి రాకూడదనేనా మూడో రింగు పారేసినారు?"

"ఏ రింగు?"

"ఇదో, కింద పడేసినారు కదా" అని వంగి తీసిచ్చాడు.

కోటక్కకు అసలు గుర్తే లేదు. వేళ్ల మధ్య పట్టింది, రవంత సాగదీసింది, తిప్పింది. ఆమె నవ్వు ఆగిపోయింది. "చీలిక" అంది.

సెల్వకుమార్ గబగబా భూతద్దం తెచ్చాడు. దీపం కింద పెట్టి, రింగు సాగదీసి చాలాసేపు చూశాడు. లోపలి అంచున వెంట్రుకంత చీలిక. "కెమెరా పాస్ చేసిన ట్రే సార్ ఇది" అన్నాడు. "లారీకి వెళ్లాల్సింది. పన్నెండు ట్రేలూ ఆ మెషీన్‌వే."

లారీ బ్రేకులో పడే రింగు అది. ఎంతమంది ప్రాణాలు దాని మీద ఉంటాయో అక్కడ అందరికీ తెలుసు.

"కోటక్కా, కూర్చో. బిరీన చూసెయ్యండి అందరూ. నాలుగింటికి లారీ!" అని సెల్వకుమార్ ట్రేలు లాగాడు.

కోటక్క లేచి నిలబడింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది.

"నేను ఫెయిలు కదా" అంది. ట్యాబ్ వైపు గడ్డం ఎత్తి చూపించింది. "అర్హత లేదని రాసిండాది, ఎర్రగా, ఇంత లావు అక్షరాలతో. ఫెయిలైన చేతులతో నేనెట్ట తాకేది? దాన్ని తాకమనండి."

"అక్కా, ఇది కోపం చూపించే టైము కాదు."

"ఇంగెప్పుడు చూపించేది? చీపురు పట్టుకున్నాకనా?"

సెల్వకుమార్ తక్కినవాళ్ల వైపు తిరిగాడు. బల్ల చివర కూర్చునే ప్రియంకకు ఇరవై నాలుగేళ్లు, ఆమెకే పరీక్షా లేదు. ఆమె కోటక్కను చూసింది, ట్రేలను చూసింది, మెల్లగా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. పక్కామె పెట్టుకుంది. ఆ పక్కామె పెట్టుకుంది. ఎవరూ ఎవరికీ సైగ చేయలేదు. బల్ల చుట్టూ పదకొండుమంది, ఒక్క చెయ్యి కనబడదు.  

గోడ గడియారం రెండుంబావు చూపిస్తోంది. హేమనాథ్ ఆ రింగును అరచేతిలో పెట్టుకుని, ఫోన్ తీసుకుని బయటికి వెళ్లాడు. అద్దం అవతల అతను అటూ ఇటూ తిరగడం, చెయ్యి ఊపడం, ఒకసారి గట్టిగా అరవడం కనబడింది. పావుగంటకు లోపలికొచ్చాడు. తెల్లకాగితం తీసుకుని, అరవంలో రాసి, సంతకం పెట్టి, కోటక్కకు ఇచ్చాడు.

ఆమె నిదానంగా, రెండుసార్లు చదివింది. ట్యాబ్ పరీక్ష చెల్లదని, ధనకోటి తనిఖీ బల్ల దగ్గరే ఉంటుందని ఉంది.

"దీంట్లో నా పేరొక్కటే ఉండాదే" అంది.

"మిగతావాళ్లు సంతకాలు పెట్టేసినారు కదమ్మా. ఇష్టపూర్వకంగా..." అని మధ్యలోనే ఆగిపోయాడు. ఆ మాట తనకే చేదుగా తగిలినట్టుంది. కాగితం వెనక్కి తీసుకుని ఇంకో మూడు పేర్లు రాశాడు. మొదటి పేరు మంజు. పాత కాగితాలు మూడూ సంచిలోంచి తీసి, అందరూ చూస్తుండగా అడ్డంగా చింపాడు. చింపుతుంటే అతని మొహం మొదటిసారి పళ్లిపట్టు మొహంలా కనబడింది కోటక్కకు.

ప్రియంక పరుగెత్తి యార్డులోంచి ముగ్గురినీ పిలుచుకొచ్చింది. మంజు చేతిలో చీపురు ఇంకా అలాగే ఉంది, కాళ్ల నిండా దుమ్ము. సంగతి చెప్తే విన్నది గానీ పీట మీద కూర్చోలేదు. నిలబడే ఉంది.

"నువ్వు గెలిచినావు కోటీ, నువ్వుండు" అంది. "నాకు భయంగా ఉండాది. నా వేళ్లు ఇంగ పనికొస్తాయో లేదో."

కోటక్క చీపురు లాక్కుని గోడకు కొట్టినట్టే ఆనించింది. ఆ చీలిక రింగును హేమనాథ్ చేతిలోంచి తీసుకుని, ట్రేలోంచి తను చూసి తీసిన రెండు మంచి రింగులతో కలిపి మంజు అరచేతిలో పోసింది. సెల్వకుమార్ నోరు తెరవబోతే కళ్లతోనే మూయించింది.

మంజు దుమ్ము చేతులు చీరకు తుడుచుకుంది. కళ్లు మూసుకుంది. ఒక రింగు తిప్పింది, పచ్చ ట్రేలో వేసింది. రెండోది తిప్పింది, పచ్చ ట్రేలో వేసింది. మూడోదాన్ని పూర్తిగా తిప్పను కూడా లేదు. సగంలోనే వేలు ఆగింది. కళ్లు తెరవకుండానే ఎర్ర ట్రేలోకి విసిరేసింది.

"రాసుకోండి సారూ" అంది కోటక్క, ఫ్యాక్టరీ అంతా వినపడేలా. "మంజు పాసు."